రెండు గదుల ఇల్లు, నలుగురు పిల్లలు, నలభై తొమ్మిది రోజుల సెలవులు: మీ ప్రశ్నకు నా జవాబు

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నరసరావుపేటలో మూడో అంతస్తులో రెండు పడకగదుల ఇల్లు, మీకు బ్యాంకు ఉద్యోగం, మీవారికి మందుల షాపు, ఇంట్లో అత్తగారు, పదకొండేళ్ల పాప, ఏడేళ్ల బాబు. మే 10న మీ ఆడపడుచు పిల్లలు ఇద్దరు వచ్చి నెల రోజులు ఉంటారు. "పొద్దున సర్ది వెళ్తాను, సాయంత్రం ఆరున్నరకి తలుపు తీస్తే కాలు పెట్టే చోటు ఉండదు, అత్తయ్యగారు అరిచి అరిచి బీపీ తెచ్చుకుంటున్నారు, వచ్చీ రాగానే నేనూ అరుస్తాను, సెలవులంటేనే భయం వేస్తోంది" అని రాశారు. ఆ చివరి మాట నన్ను చాలా బాధపెట్టింది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను, కాస్త పొడుగైనా చదవండి.

నేను పందొమ్మిదేళ్లు ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా పనిచేశాను. ఒక్కో హాల్లో ఇరవై, పాతిక మంది పిల్లలు, వాళ్ల ట్రంకుపెట్టెలు, బకెట్లు, పక్కలు, పుస్తకాలు. రిటైరయ్యాక ఇప్పుడు తెనాలిలో మా ఇంట్లో ప్రతి వేసవికీ ఐదుగురు మనవలు దిగుతారు. కాబట్టి ఇది పుస్తకాలు చదివి చెప్పేది కాదు, చేసి చూసి చెప్పేది.

ముందు ఒక విషయం. బడి ఉన్న రోజుల్లో మీ ఇంటిని సర్దుతున్నది మీరొక్కరే కాదమ్మా, బడి గంట కూడా సర్దుతోంది. ఎనిమిదిన్నరకి పిల్లలు బయటికి వెళ్తారు, నాలుగున్నర దాకా హాలు హాలులాగే ఉంటుంది. ఏ టైముకి లేవాలో, ఏం వేసుకోవాలో, ఎప్పుడు తినాలో అన్నీ బడే చెబుతుంది. మన దగ్గర ఈమధ్య సెలవులు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా ఇస్తున్నారు, అంటే నలభై తొమ్మిది రోజులు. అన్ని రోజులూ ఆ గంట ఆగిపోతుంది, పైగా పల్నాడు ఎండ. పొద్దున పదిన్నర, పదకొండు దాటితే సాయంత్రం నాలుగున్నర, ఐదు దాకా పిల్లల్ని బయటికి పంపలేం. మీ ఇంట్లో జరిగే గందరగోళంలో ముప్పాతిక భాగం ఆ ఐదారు గంటల్లోనే పుడుతుంది, మీరు సరిగ్గా ఆ టైములో ఇంట్లో ఉండరు. పొద్దున ఎంత బాగా సర్ది వెళ్లినా నిలవకపోవడానికి కారణం అదే, మీ చేతకానితనం కాదు. కాబట్టి ఇంకాస్త ముందు లేచి ఇంకాస్త సర్దాలనే ఆలోచన మానేయండి. మే 10 లోపల రెండు పనులు చేయాలి. ఇంట్లో బయట కనబడే వస్తువుల్ని తగ్గించడం ఒకటి, ప్రతి వస్తువుకీ సొంతదారు ఎవరో తేల్చడం రెండోది.

తగ్గించడం బడి సామానుతో మొదలుపెట్టండి. సెలవులు వచ్చి వారమైనా చాలా ఇళ్లలో బడి సంచి కుర్చీ కిందే ఉంటుంది, అందులో సగం తిన్న చాక్లెట్ కూడా ఉంటుంది, చీమలు అక్కడి నుంచే మొదలవుతాయి. సంచులు ఖాళీ చేసి, ఉతికి, మేడ మీద ఒక పూట ఎండబెట్టి అటక మీద పెట్టేయండి. టిఫిన్ బాక్సుల మూతల్లో ఉండే రబ్బరు రింగులు ఊడదీసి విడిగా కడిగి, ఎండబెట్టి, బాక్సుల్ని మూత తెరిచే ఉంచండి, లేకపోతే జూన్‌లో తెరిచినప్పుడు వాసన కొడుతుంది. బూట్లు తుడిచి లోపల పాత పేపరు కుక్కి పెట్టండి. పాత నోటు పుస్తకాల్లో మిగిలిన తెల్ల కాగితాలు చింపి దారంతో కుట్టిస్తే ఆ నలభై తొమ్మిది రోజులకీ బొమ్మలు వేసుకోవడానికి, లెక్కలు చేసుకోవడానికి సరిపోతాయి. కుట్టే పని మీ పాపకే ఇవ్వండి. మిగతావి పాత పేపర్లవాడికి. టెక్స్టు పుస్తకాలు కింది తరగతి పిల్లలకి ఎవరికైనా ఇప్పుడే ఇచ్చేయండి, జూన్‌లో ఇద్దామని దాచినవి మర్చిపోతాం. ఇదంతా తీస్తే ఒక అర పూర్తిగా ఖాళీ అవుతుంది. ఆ అరని మళ్లీ మీ చీరలతో నింపకండి, దాంతో పనుంది.

తర్వాత ఆటసామాను. ఇంట్లో ఉన్నదాంట్లో సగం అట్టపెట్టెలో పెట్టి కట్టి అటకెక్కించండి. ఏది ఎక్కించాలో పిల్లల్నే అడగండి, మనం తీసి దాచేస్తే దొంగతనం కిందే లెక్క వాళ్లకి. రెండు వారాలకోసారి ఆదివారం ఆ పెట్టె దింపి ఇది ఎక్కించండి. పాత బొమ్మే అయినా కొత్తది దొరికినట్టు ఆడతారు. బయట ఉంచేవాటిలో ముక్కలు తక్కువ ఉండి ఎక్కువసేపు ఆడించేవి ఉండాలి. క్యారమ్స్, అష్టాచెమ్మా, వామనగుంటల పీట, వైకుంఠపాళి లాంటివి. చింతపిక్కలు, గవ్వలు ఒక చిన్న స్టీలు డబ్బాలో మూతపెట్టి ఉంచండి. వందల ముక్కల ప్లాస్టిక్ సెట్లు మాత్రం నలుగురు పిల్లలున్న నెలలో అస్సలు దింపొద్దు. అవి మంచం కింద, సోఫా సందుల్లో, మీ అత్తగారి పాదాల కింద తేలతాయి. ఆవిడ జారిపడితే ఆ నష్టం ముందు మిగతావన్నీ చిన్నవే.

ఇక సొంతదారు సంగతి. హాస్టల్లో నేను నేర్చుకున్న అతి పెద్ద పాఠం ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. అక్కడ ప్రతి పిల్లకీ ఒక పెట్టె, ఒక బకెట్టు, ఒక పళ్లెం, ఒక గ్లాసు. పళ్లెం మీద పేరు. పొద్దున కుళాయి దగ్గర కడగని పళ్లెం ఒకటి కనబడితే "ఎవరు పెట్టారిక్కడ?" అని నేను అడగాల్సిన పనే లేదు, పేరు చదివితే చాలు. ఇళ్లలో అలా కాదు. దాహం వేసిన ప్రతిసారీ పిల్లలు కొత్త గ్లాసు తీస్తారు, సాయంత్రానికి సింకులో పద్దెనిమిది గ్లాసులు, ఒక్కటీ ఎవరిదీ కాదు. ఎవరిదీ కాని వస్తువుని ఎవరూ కడగరు, ఎవరూ తీయరు. అందుకని మొదటి ఆదివారం పాత్రల దుకాణానికి వెళ్లండి. మనం పెళ్లి సామాను మీద పేర్లు చెక్కిస్తాం కదా, అలాగే నాలుగు స్టీలు గ్లాసులు, నాలుగు పళ్లేల మీద నలుగురి పేర్లు చెక్కించండి. వచ్చే పిల్లల పేర్లు కూడా, ముఖ్యంగా వాళ్లవే. తమ పేరున్న గ్లాసు అత్తయ్య ఇంట్లో ఉందంటే ఆ పిల్లల మొహాలు ఎలా వెలిగిపోతాయో చూడండి, చుట్టాల్లా కాకుండా ఇంటి పిల్లల్లా మసలుతారు. మిగతా గ్లాసులన్నీ పై అరలోకి ఎక్కించేయండి. తాగిన గ్లాసు తొలిచి కుండ పక్కన బోర్లించాలి, అంతే నియమం. మంచినీళ్ల కుండ కూడా ఏడేళ్లవాడికి అందే ఎత్తులో చిన్న స్టూలు మీద, కుళాయి ఉన్నది పెట్టండి. ఫ్రిజ్ తలుపు రోజుకి యాభైసార్లు తెరుచుకోవడం అక్కడితో తగ్గుతుంది.

ఇందాక ఖాళీ అయిన అరలో నాలుగు ప్లాస్టిక్ బుట్టలు పెట్టండి, నాలుగు రంగులవి. బట్టలు పెట్టుకునే సంచి కాకుండా, చదివే పుస్తకం, రంగు పెన్సిళ్లు, దువ్వెన, ఆ రోజు ఏరుకొచ్చిన రాళ్లూ రప్పలూ ఏదైనా సరే ఆ బుట్టలోకి. మీరు ఇంటికొచ్చాక నేలమీద ఏది కనబడినా దాని స్థానం ఎక్కడని ఆలోచించకండి, ఎవరిదైతే వాళ్ల బుట్టలో పడేయండి చాలు. బుట్ట నిండితే దాన్ని సర్దుకోవడం వాళ్ల పని. తువ్వాళ్లు కూడా ఇలాగే రంగుని బట్టి నాలుగు. తడి తువ్వాలు మంచం మీద పడేస్తే ఎవరిదో రంగే చెబుతుంది.

ఇప్పుడు రోజు సంగతి. మా ఇంట్లో మొదటి వేసవి నేనొక తప్పు చేశాను. హాస్టల్ టైంటేబుల్ మొత్తం తెచ్చి గోడకి అంటించాను, అరగంటకో పని. నాలుగో రోజుకి మా పెద్ద మనవరాలు ఏడ్చి "అమ్మమ్మా, ఇది కూడా బడేనా?" అంది. ఆ మాటకి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఆ కాగితం చింపేసి, బడి గంట కొట్టినట్టు సర్దుకునే వేళలు మూడు మాత్రమే ఉంచాను, ఇప్పటికీ ఆ మూడే. టిఫిన్‌కి ముందు ఒకటి, మధ్యాహ్నం భోజనానికి ముందు ఒకటి, సాయంత్రం స్నానానికి ముందు ఒకటి. ఈ మూడూ గడియారాన్ని బట్టి కాదు, పిల్లలు తమంతట తామే ఎదురుచూసే వాటికి ముందు కట్టినవి. పక్క ఎత్తి, దుప్పటి మడిచి, చాప చుట్టి గోడకి నిలబెట్టాకే టిఫిన్. కింద పరిచిన ఆటలన్నీ ఎత్తాకే అన్నం, ఎందుకంటే అదే చోట కూర్చుని తినాలి కదా. సాయంత్రం హాలంతా ఖాళీ చేశాకే స్నానం చేసి మేడ మీదికి ఆటకి. ప్రతిసారీ పది నిమిషాలే పట్టాలి. అంతకన్నా ఎక్కువ పడుతోందంటే పిల్లలు బద్ధకిస్తున్నారని కాదు, బయట సామాను ఎక్కువుందని అర్థం, ఇంకో పెట్టె అటకెక్కించండి. మూడోది మీరు వచ్చే టైముకి ముందే అయిపోతుంది కాబట్టి మీరు తలుపు తీసేసరికి ఇల్లు ఎప్పుడూ లేనంత బాగుంటుంది. రోజంతా ఎలా ఉందో మీకు తెలియాల్సిన పని లేదు. మధ్యాహ్నం రెండింటికి హాలు నిండా దిండ్లతో కోట కట్టుకుంటే కట్టుకోనివ్వండి. ఆ స్వేచ్ఛ లేకపోతే ఈ మూడు వేళల మాట కూడా వినరు.

అత్తగారి గురించి. దయచేసి ఈ నియమాలు అమలు చేసే పని ఆవిడ మీద పెట్టకండి. పెద్దవాళ్లని కాపలాదారుని చేస్తే రోజంతా అరవడమే మిగులుతుంది, ఆవిడ ఆరోగ్యానికి అది మంచిది కాదు. ఆ మూడు పది నిమిషాలకీ బాధ్యత మీ పెద్ద పాపకి, వచ్చే పిల్లల్లో పెద్దవాళ్లకి వారం వారం మార్చి ఇవ్వండి. అత్తగారికి పిల్లలు ఇష్టపడి చుట్టూ చేరే పని ఒకటి ఉంచండి. మధ్యాహ్నం అన్నాలయ్యాక కిటికీలకి తడి గుడ్డలు కట్టి, చాపలు పరిచి కథలు చెప్పడమో, గవ్వలాట నేర్పడమో. ఆ గంటన్నర ఇల్లు చల్లబడుతుంది, ఆవిడా నడుం వాలుస్తారు. టీవీ, ఫోను ఈ గంటన్నర తర్వాతే అని నలుగురికీ ఒకే మాట చెప్పండి. మీ పిల్లలకి ఒకటి, వచ్చిన పిల్లలకి ఒకటి అయితే గొడవ అక్కడే మొదలవుతుంది.

వంటింటి విషయంలో నేను పాటించేది ఒకటుంది. ఆ రోజుకి సరిపడా చిరుతిండి పొద్దున్నే ఒకే డబ్బాలో తీసి పెడతాను. చెక్కలు, జంతికలు, సున్నుండలు, ఏవైనా. అది అయిపోతే ఇక మర్నాడే. పెద్ద డబ్బాలు పై అరలో. మొదటి రెండు రోజులు పన్నెండింటికే ఖాళీ చేసేస్తారు, మూడో రోజు నుంచి వాళ్లే వాటా వేసుకుంటారు. మజ్జిగ ఒక పెద్ద గిన్నెలో ఉప్పు, కరివేపాకు వేసి చిలికి గరిటెతో సహా ఉంచితే మీ పాప అందరికీ పోయగలదు. మామిడిపళ్లు మాత్రం రసాలైతే స్నానానికి ముందు, చొక్కాలు విప్పించి, బాల్కనీలో పేపరు మీద కూర్చోబెట్టి పెట్టండి. ఆ మరక బట్టల మీద పడితే ఎంత ఉతికినా పూర్తిగా పోదు, సోఫాకి అంటితే చీమలు వారం రోజులు వదలవు. తొక్కలూ టెంకలూ ఆ పేపరులోనే చుట్టి పారేయడం చివర తిన్నవాళ్ల పని.

బట్టలు ఎండాకాలంలో కొండలా పెరుగుతాయి, చెమటకి రోజుకి మూడు జతలు మారుస్తారు. సాయంత్రం స్నానం చేసి వేసుకున్న జతే మర్నాడు పొద్దున స్నానం దాకా అని పెట్టండి, ఒక జత తగ్గుతుంది, నీళ్లూ మిగులుతాయి. ఈ ఎండకి గంటన్నరలో ఆరిపోతాయి కాబట్టి పొద్దున్నే ఆరేసి పది లోపల దండెం మీంచి తీయించేయండి, ఎండలో ఉండిపోతే రంగు వెలుస్తుంది. మడతపెట్టడం ఎవరివి వాళ్లే. ఏడేళ్లవాడు తువ్వాళ్లు, దిండు గలీబులు శుభ్రంగా మడవగలడు. మడత వంకరగా ఉందని మీరు మళ్లీ విప్పి మడవకండి. పిల్లవాడు చూస్తాడు, రేపటి నుంచి చేయడు.

మీరు ఆవకాయ ఎప్పుడు పెట్టాలని కూడా అడిగారు. పిల్లలు వచ్చే వారంలో వద్దు. మే మొదటి ఆదివారం పెట్టేయండి, జాడీలు ముందు రోజే కడిగి ఎండబెట్టుకోండి. కాయలు కడిగాక పొడి గుడ్డతో తుడిచే పని పిల్లలకి ఇవ్వొచ్చు, తడి ఉంటే ఆవకాయ బూజు పడుతుందని చెబితే ఎంతో శ్రద్ధగా తుడుస్తారు. కత్తిపీట దగ్గరికి, కారం కలిపే చోటికి మాత్రం రానివ్వొద్దు. సగ్గుబియ్యం వడియాలు పిల్లలు వచ్చాక పెట్టుకోండి. పొద్దున ఆరింటికి మేడ మీద పాత పంచె పరిచి నలుగురికీ తలొక గరిటె ఇస్తే ఎనిమిది లోపల అయిపోతుంది, సాయంత్రం పంచె వెనక నీళ్లు చిలకరించి ఒలుచుకోవడం కూడా వాళ్లకి ఆటే.

కూలర్ విషయంలో జాగ్రత్త. మూడేళ్ల కిందట మా వీధిలో ఒక పిల్లవాడికి తడి చేతులతో కూలర్ ముట్టుకుని షాక్ కొట్టింది, దేవుడి దయ వల్ల బతికాడు. నీళ్లు పోసేది పెద్దవాళ్లే, అదీ స్విచ్ కట్టేసి ప్లగ్గు ఊడదీశాకే. వారానికోసారి తొట్టి పూర్తిగా ఖాళీ చేసి గోడలు బ్రష్షుతో రుద్దాలి. డెంగీ దోమ ఎక్కువగా శుభ్రమైన నిల్వ నీళ్లలో గుడ్లు పెడుతుంది, ఆ గుడ్లు తొట్టి గోడకి అంటుకుని నీళ్లు ఎండినా చావవు, మళ్లీ నీళ్లు తగిలితే వారం, పది రోజుల్లో దోమలవుతాయి. ఒంపేస్తే చాలదు, రుద్దాలి. ఆదివారం బొమ్మల పెట్టె మార్చే రోజునే ఇదీ పెట్టుకుంటే మర్చిపోరు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు ఎప్పుడూ ఇంట్లో ఉంచండి, మీవారి షాపులోనే ఉంటాయి. లీటరు ప్యాకెట్‌ని పూర్తిగా లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసులో కొంచెం కొంచెం వేసి కలిపితే పాళ్లు తప్పుతాయి. కలిపింది ఒక రోజు దాటితే పారబోయాలి. ఈ సంగతి అత్తగారికి, పెద్ద పాపకి కూడా చూపించి ఉంచండి.

ఆడపడుచు ఏమనుకుంటుందో, ఆవిడ పిల్లలకి పని ఎలా చెప్పాలో అని సంకోచిస్తున్నారు. పిల్లలు రాకముందే ఫోన్ చేసి "వదినా, ఇక్కడ మా పిల్లలు పక్కలెత్తుతున్నారు, వాళ్లతోపాటు మనవాళ్లూ చేస్తారు, నువ్వొకసారి చెప్పి పంపు" అనండి. చాలామంది సంతోషిస్తారు. బట్టలు ఎన్ని జతలు, మందులు ఏమైనా ఉన్నాయా, ఏది తింటే పడదు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి సంచిలో పెట్టమనండి, వెళ్లేటప్పుడు ఆ కాగితం చూసే సర్దొచ్చు. అప్పుడు ఒక సాక్సు, ఒక గౌను మీ ఇంట్లో ఉండిపోవు.

మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె వస్తుంది, రోళ్లు పగిలే ఎండ. ఆ పదిహేను రోజులు ఇంట్లో కొత్త పనేదీ మొదలుపెట్టకండి. అటకలు దులపడం, బీరువాలు సర్దడం, కర్టెన్లు ఉతకడం ఏవీ వద్దు. ఎండకి అందరికీ చిరాకు ఎక్కువగా ఉంటుంది, కరెంటు పోతుంది. అంతకుముందే ఒక పని మాత్రం చేయండి. యూనిఫాం తొడిగించి చూడండి, పిల్లలు ఈ రెండు నెలల్లో సాగుతారు. మే 20 లోపల టైలర్‌కి ఇస్తే టైముకి వస్తాయి, జూన్ మొదటివారంలో ఇస్తే బడి తెరిచాక వస్తాయి. జూన్ 1 నుంచి రోజుకి పది నిమిషాల చొప్పున ముందు పడుకోబెట్టి ముందు లేపుతూ వస్తే 12వ తారీఖున ఏడుపులు ఉండవు.

ఇవన్నీ ఒకేసారి చేయాలనుకోకండి. ఈ ఆదివారం బడి సామాను అటకెక్కించి, గ్లాసుల మీద పేర్లు చెక్కించుకుని రండి. వచ్చే ఆదివారం బుట్టలు, ఆవకాయ. మూడు వేళల నియమం మీ ఇద్దరు పిల్లలతో ఇవాళ్టి నుంచే మొదలుపెట్టండి. మే 10న వచ్చేవాళ్లకి మీరు చెప్పక్కర్లేదు, మీ పిల్లలే చూపిస్తారు. ఆ మొదటి వారం ఎలా గడిచిందో, ముఖ్యంగా అత్తగారి బీపీ ఎలా ఉందో నాకు రాయండి.